తోట తాకట్టు పెట్టే ముందు మారిషస్ చదువు లెక్క చూసుకోండి

మొన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర ఒక రైతు ఆపి అడిగారు. "మా పిల్ల డిగ్రీ చదువుతోందండి. ఒక సెమిస్టరు మారిషస్‌లో చదవొచ్చంటున్నారు. అది ఆఫ్రికా అంట కదా! అరెకరం తోట తాకట్టు పెట్టి పంపమంటారా?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన నాటి నుంచీ పిల్లల్ని చదివించి బయటికి పంపాలన్న ఆలోచన మన ఊళ్లలో పెరిగింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మారిషస్ మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ద్వీపం. ఆఫ్రికా దేశాల కిందే లెక్క. విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లు. మన కోనసీమ జిల్లా 2022లో ఏర్పడినప్పుడు 2,083. అంటే ఆ దేశం మొత్తం కలిపి అప్పటి మన జిల్లా అంత! పరాయి చోటని బెంగ పడనక్కర్లేదు. యానాం దగ్గరున్న కోరంగి రేవులో 19వ శతాబ్దంలో ఓడలెక్కి, అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లున్నారు. ఆ రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అన్నారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు బోధిస్తారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి.

మారిషస్ విశ్వవిద్యాలయం 1965లో ఏర్పడింది. 1914 నాటి వ్యవసాయ పాఠశాల తర్వాత అందులో కలిసింది. చెరకు పరిశోధన సంస్థా దాని దగ్గరే ఉంది. పాఠాలు ఇంగ్లీషులో, వీధిలో మాటలు క్రియోల్ భాషలో. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు నరుకుతారు కాబట్టి ఆ రోజుల్లో వెళ్లిన విద్యార్థికి పొలమూ, మిల్లూ రెండూ కళ్లారా చూసే వీలుంటుంది.

చూడాల్సింది చాలానే ఉంది. అక్కడి పంచదారను యూరప్ ఏళ్ల తరబడి మంచి ధరకు కొంది. 2006 నుంచి ఆ ధర మెట్లుమెట్లుగా 36 శాతం తగ్గించారు. చిన్న రైతులు చాలామంది చెరకు మానేశారు. మిల్లులు పిప్పిని కాల్చి కరెంటు తీస్తాయి. ఆ పిప్పి తాలూకు డబ్బు చెరకు రైతుకూ కొంత ముడుతుంది. మనం కాయ అమ్మినప్పుడు డొక్కకు ఎంత లెక్క కడుతున్నాం? పీచు మిల్లు లాభం మిల్లుదే. ఈ మాట మన పిల్లలు అక్కడ నేర్చుకుని వస్తే నాకు సంతోషమే.

ఇక డబ్బు సంగతి. మీ పిల్ల చదివే విశ్వవిద్యాలయానికీ, అక్కడి దానికీ రాతపూర్వకమైన ఒప్పందం ఉందా? ముందు అది చూడండి. ఒప్పందం కింద వెళ్తే సాధారణంగా ఫీజు ఇక్కడే కడతారు. విమానం టిక్కెట్టు, తిండి, బస, బీమా మనవి. అక్కడ చదివిన సబ్జెక్టులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయని కాలేజీ సంతకంతో కాగితం తీసుకోండి. నోటిమాట పనికిరాదు. అవి కలవకపోతే పిల్లకి ఏడాది పోతుంది, మీ అప్పుకి ఏడాది వడ్డీ పెరుగుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ పద్ధతిలో మొత్తం క్రెడిట్లలో 30 శాతం వరకే విదేశంలో చదవొచ్చు. డిగ్రీ మన విశ్వవిద్యాలయమే ఇస్తుంది. ఏజెంటు ఎవరైనా అక్కడి డిగ్రీ కూడా వస్తుందంటే నమ్మకండి.

అప్పు తప్పదనుకుంటే ముందు బ్యాంకుకే వెళ్లండి. చదువు అప్పు 7.5 లక్షలు దాటితే స్థిరాస్తి హామీ అడుగుతారు. అయితే బకాయిల వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసి చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకని చాలా బ్యాంకులు పొలం హామీ అంటే వెనకాడతాయి. అక్కడే మనవాళ్లు ప్రైవేటు వడ్డీకి పోతారు. నూటికి రెండు రూపాయల చొప్పున ఐదు లక్షలు తెస్తే నెలకు 10 వేలు, ఏడాదికి లక్షా 20 వేలు వడ్డీ. దింపుకి ఎన్ని కాయలు వస్తాయో, దింపు కూలీ, వలుపు కూలీ పోను ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లదోమ పట్టిన తోటలో అయితే అసలే చెప్పక్కర్లేదు.

ఒక్క సెమిస్టరుకు అంత అప్పు అవసరం పడకపోవచ్చు. ఖర్చు వివరం కాగితం మీద రాయించుకుని, ఉపకార వేతనం ఏమైనా వస్తుందేమో కాలేజీలోనే అడగాలి.

ఆ రైతు చేతికి కాలేజీ కాగితం ఇంకా రాలేదు. వచ్చాక తెచ్చి చూపిస్తానన్నారు. అప్పటిదాకా పాసుపుస్తకం బీరువాలోంచి తియ్యొద్దని చెప్పాను.