గాలి లోపలికి, నీళ్ళు బయటికి

మా మురుగమల్ల నుంచి సముద్రం చూడాలంటే తూర్పుగా రెండు వందల కిలోమీటర్లకు పైనే పోవాలి. తెరచాప పడవతో ఇక్కడ ఎవరికీ పని పడదు. అయినా ఎండాకాలంలో చిన్న పడవ క్యాబిన్‌ను చల్లగా ఉంచేదెలా అనే ప్రశ్న ఈ ఊరి రైతుకు వేసి చూడండి, సగం జవాబు ఆయన దగ్గరే దొరుకుతుంది. చింతామణి, శిడ్లఘట్ట చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ప్రతి ఇంట్లో ఏటా పడే పాటు అదే.

పట్టుపురుగు చాకీ దశలో, అంటే లేత వయసులో, 27, 28 డిగ్రీల వేడిని, 85 శాతం పైన తేమను కోరుకుంటుంది. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటిందంటే లెక్క మారిపోతుంది. అప్పుడు దానికి 24 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే చాలు. ఆ వారంలో అది తినే ఆకు, వేసే రెట్ట, విడిచే ఊపిరి అన్నీ గదిలో తేమను పెంచేవే. గాలి ఆడకపోతే రోగం వస్తుంది, పంట పోతుంది. అందుకే రైతు ఎండల్లో తడి గోనెపట్టాలు వేలాడదీసి, పైకప్పు మీద కొబ్బరిమట్టలు పరిచినా, చివరి రోజుల్లో తడి తగ్గించి గాలి పెంచుతాడు. ఊజీ ఈగ రాకుండా కిటికీకి కట్టిన వల ఆ గాలికే అడ్డం పడుతుంది. నీడ, గాలి, తేమ, వల. పడవలో ఉన్న చిక్కులూ ఇవే, వీటికి తోడు అక్కడ అల ఒకటి.

తడి గోనె ఉపాయం మాత్రం సముద్రం మీద పారదు. చింతామణి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నపు గాలి బాగా పొడిగా ఉంటుంది. ఆ గాలి తడి పట్టాలోంచి వస్తే నీరు ఆవిరై, ఎనిమిది పది డిగ్రీలు చల్లబడుతుంది. విశాఖ తీరంలో మే నెల గాలి అప్పటికే నీళ్ళు తాగి ఉంటుంది. అక్కడ కూలర్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఉక్క అంతకంతకూ పెరుగుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అది ఆవిరి కాకుండా బొట్లుబొట్లుగా కారిపోతే ఒరిగేదేమీ లేదు. ఒంటికి అంటుకున్న తడిగాలిని పక్కకు నెట్టే కొత్త గాలి రావాలి. పడవలో చల్లదనమంటే కదిలే గాలే.

అంతకంటే ముందు నీడ. నడినెత్తిన సూర్యుడుంటే చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల వేడి దిగుతుంది. క్యాబిన్ పైకప్పు ఆరు చదరపు మీటర్లనుకుంటే ఆరు కిలోవాట్లు. ముదురు రంగు వేస్తే అందులో ఎక్కువ భాగం చెక్కలోకో ఫైబర్‌లోకో దిగి, సాయంత్రం దాకా లోపలివాళ్ళ నెత్తిన కుంపటి పెడుతుంది. తెలుపు వేస్తే చాలావరకు వెనక్కి పోతుంది. పైన కాస్త ఎడంగా గుడ్డ పందిరి కడితే పైకప్పుకు ఎండే తగలదు. లోపల ఊరికే కూర్చున్న మనిషి ఒక్కొక్కరూ 100 వాట్ల వేడి వదులుతారు. నీటిలో మునిగిన పడవ అడుగు మాత్రం సముద్రమంత వేడిగానే ఉంటుంది. మే నెల బంగాళాఖాతంలో ఆ వేడి 29, 30 డిగ్రీలు. అందుకే మధ్యాహ్నం క్యాబిన్‌లో నేల మీద పడుకున్నవాడికి పై పడక మీది వాడికంటే సుఖం. రంగు, పందిరి పట్టించుకోకుండా యంత్రాలు కొనేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, డబ్బు వృథా.

ఇక గాలి కథ. పాత తెరచాప ఓడల్లో గాలిని కిందికి దింపడానికి ఒక పొడవాటి గుడ్డ గొట్టం వాడేవారు. దాని పై మూతిని గాలికి ఎదురుగా విప్పి తాళ్ళతో కట్టి, కింది కొసను డెక్కు తలుపులోంచి ఓడ కడుపులోకి వదిలేవారు. గాలి వీస్తే గొట్టం ఉబ్బి నిలబడుతుంది, ఆగితే చొక్కా చేయిలా వేలాడుతుంది. వాన వస్తే తీసేయాలి, తుపాను వస్తే తలుపే మూసేయాలి. గాలి మరీ అవసరమైన వేళ అది ఉండేది కాదు.

ఆ లోటును తీర్చాలని చూసినవాడు స్టీఫెన్ హేల్స్, లండన్ దగ్గర టెడింగ్టన్ చర్చి పాదిరి. ఆకుల నుంచి ఎంత నీరు ఆవిరై పోతుందో తూచి 1727లో పుస్తకం రాసింది, గుర్రం ధమనికి గాజు గొట్టం పెట్టి రక్తపోటు కొలిచింది ఆయనే. 1741లో రాయల్ సొసైటీ ముందు ఓడల కోసం ఒక గాలి యంత్రాన్ని వివరించాడు. పెద్ద చెక్కపెట్టెల్లో కొలిమితిత్తి పనిచేసినట్టు పలకలు ఆడుతూ, మనుషులు మీటలు లాగితే కంపుగాలి బయటికి పోయేది. అదే ఏడు స్వీడన్‌లో మార్టిన్ ట్రీవాల్డ్ కూడా ఇలాంటిదే చేశాడు. లండన్‌వాడే శామ్యూల్ సటన్ వేరే దారి పట్టాడు. ఓడ వంటపొయ్యికి కింది నుంచి గొట్టాలు అమర్చి, నిప్పే కంపుగాలిని లాక్కునేలా చేశాడు. అప్పట్లో చెడుగాలి వల్లే రోగాలు వస్తాయని నమ్మేవారు. కారణం తప్పయినా చేసిన పని మేలే చేసింది. హేల్స్ యంత్రాలను బానిసలను తీసుకుపోయే ఓడల్లోనూ పెట్టారు. అక్కడ గాలి అందించింది జాలితో కాదు, సరుకు చావకుండా ఉండాలని. ఆ సంగతి చెప్పకుండా ఈ చరిత్ర రాయడం తగదు.

మనవాళ్ళూ అలాంటి తెరచాప ఓడల కడుపులో ప్రయాణించారు. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలతో వెళ్ళిన ట్రూరో నౌకలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. కొరింగ రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు వెళ్ళినవాళ్ళు అంతకు ముందూ తర్వాతా ఉన్నారు. డెక్కు కింద వరసగా పడుకున్న వందల మందికి, గుడ్డ గొట్టం దింపిన గాలి ఎంతో గొప్ప విషయం.

ఆవిరి ఓడలు వచ్చాక గుడ్డ పోయి ఇనుము వచ్చింది. పాత ఓడల బొమ్మల్లో డెక్కు మీద వంగిన మెడలతో కనిపించే బాకా గొట్టాలు అవే. మూతిని గాలివైపు తిప్పితే గాలి కిందికి, వెనక్కి తిప్పితే లోపలి గాలి పైకి. పెద్ద ఓడలో ఆ మూతి నీటికి చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి అల అందదు. చిన్న తెరచాప పడవలో డెక్కే నీటికి మీటరు ఎత్తున ఉంటుంది. బాకా గొట్టం గాలితో పాటు బిందెడు నీళ్ళనూ లోపల పడుకున్నవాడి మీద పోస్తుంది. చాలాకాలం చిన్న పడవల నావికులకు ఉన్నవి రెండే దారులు: తడవడం, లేదా మూసుకుని ఉడకడం.

1929లో న్యూయార్క్‌లో ఒలిన్ స్టీఫెన్స్ అనే 21 ఏళ్ళ యువకుడు దాదాపు 16 మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న సన్నని పందెపు పడవకు రూపకల్పన చేశాడు. దాని పేరు డొరేడ్. మరుసటి ఏడు సిటీ ఐలండ్‌లోని మిన్నెఫోర్డ్ యార్డులో దాన్ని నీట్లోకి దింపారు. 1931లో అన్నదమ్ములు ఒలిన్, రాడ్ దాన్నెక్కి అట్లాంటిక్ దాటే పందెంలో మిగతావాళ్ళకంటే రెండు రోజులు ముందుగా ఇంగ్లండ్ చేరారు. తర్వాత ఫాస్ట్‌నెట్ పందెమూ గెలిచారు. తిరిగొస్తే న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు. ఆ పడవకు మరో పేరు తెచ్చింది దాని డెక్కు మీది చిన్న చెక్కపెట్టెలు. అవి రాడ్ ఆలోచన అంటారు. నేటికీ ప్రపంచమంతా వాటిని డొరేడ్ పెట్టెలనే పిలుస్తుంది.

పెట్టె చూస్తే ఏమీ ఉండదు. డెక్కుకు బిగించిన, మూత ఉన్న పొడవాటి చెక్కపెట్టె. మూతకు ఒక కొసన బాకా గొట్టం. రెండో కొసన, పెట్టె లోపల, క్యాబిన్‌లోకి దిగే గొట్టం. ఇది డెక్కుతో సమంగా ఉండదు, బెత్తెడు పైకి లేచి ఉంటుంది. రెండింటికీ నడుమ కింది నుంచి లేచిన అడ్డుపలక. పెట్టె అడుగు మూలల్లో నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలు. అంతే. ఇందులో తిరిగే చక్రం లేదు, తెరుచుకునే కవాటం లేదు.

దీని తెలివి ఎక్కడుందంటే, నీళ్ళను గుమ్మంలో ఆపాలని ఇది ప్రయత్నించదు. గాలినీ నీళ్ళనూ కలిపే లోపలికి రానిస్తుంది, వచ్చాక విడదీస్తుంది. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు బరువు. బాకా గొట్టంలోంచి దూసుకొచ్చిన చుక్క నేరుగా పోయి పెట్టె అడుగునో అడ్డుపలకనో కొట్టుకుంటుంది, మలుపు తిరగలేదు. గాలి తేలిక కాబట్టి పలక మీదుగా తిరిగిపోతుంది. గొట్టంకంటే పెట్టె విశాలం కాబట్టి అక్కడ గాలి వేగం తగ్గి, మిగిలిన తుంపర కూడా రాలిపోతుంది. రాలిన నీళ్ళు రంధ్రాల్లోంచి డెక్కు మీదికి, అక్కణ్ణుంచి సముద్రంలోకి.

ఎంత గాలి వస్తుంది? సెకనుకు ఐదు మీటర్ల గాలి, అంటే గంటకు 18 కిలోమీటర్లు, బాకా మూతి మీద పెట్టే ఒత్తిడి 15 పాస్కల్స్. గాజు గొట్టంలో నీటిని మిల్లీమీటరున్నర ఎత్తేంత మాత్రమే. గాలి రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. పది సెంటీమీటర్ల గొట్టంలో ఏ అడ్డూ లేకపోతే గంటకు 140 ఘనపు మీటర్ల గాలి దిగాలి. పెట్టె మలుపుల్లో సగం పోయిందనుకున్నా 70 మిగులుతుంది. 15 ఘనపు మీటర్ల క్యాబిన్‌లో గాలి గంటకు నాలుగైదు సార్లు పూర్తిగా మారుతుంది. దోమతెర బిగిస్తే అందులోనూ కోత పడుతుంది. పట్టుపురుగుల గది కిటికీ వల లాంటిదే ఇదీ, సన్నని కంత అయ్యేకొద్దీ గాలి తగ్గుతుంది. విశాలమైన తెర పెట్టడమే దానికి మందు. వచ్చిన గాలి పోయే దారి లేకపోతే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. మూసిన సీసాలోకి ఎవరూ గాలి ఊదలేరు. అందుకే ఒక పెట్టె మూతి గాలికి ఎదురుగా, ఇంకొకదాని మూతి వెనక్కి తిప్పి పెడతారు.

పడవ నడుస్తున్నప్పుడు ఇంకో మెలిక ఉంది. లంగరు వేసిన పడవ తనంతట తాను అణియాన్ని, అంటే ముందు కొసను, గాలివైపు తిప్పుకుంటుంది, కాబట్టి ముందు తలుపు మీద గుడ్డ తొట్టి కడితే చాలు, లోపల గాలి దంచేస్తుంది. కానీ గాలి అమరం వైపు నుంచి, అంటే వెనక నుంచి, 15 నాట్ల వేగంతో తోస్తూ, పడవ ఏడు నాట్లతో పరుగెడుతుంటే, డెక్కు మీదివాళ్ళకు తగిలేది ఎనిమిది నాట్లే. గాలి దింపే బాకాలను పడవ వెనక వైపుకు తిప్పాలి, అయినా ఉక్కే.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. వారిలో పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. దాదాపు 17 మీటర్ల పడవ, ఫైబర్ పొరల నడుమ చెక్క. అందులో ఆరుగురి ఊపిరి, ఆరుగురి తడి బట్టలు. వాళ్ళు భూమధ్యరేఖను రెండుసార్లు దాటారు, దక్షిణ పసిఫిక్‌లో ఇంటెత్తు అలలనూ చూశారు. భూమధ్యరేఖ దగ్గర ఉక్కపోత. దక్షిణాన చలి, మూసిన పడవ లోపలి గోడల మీద ఊపిరి తేమే నీళ్ళై కారే చోటు. రెండు చోట్లా కావలసింది ఒకటే, తడవకుండా వచ్చే గాలి. చల్లదనం కోసం పుట్టినదనుకునే సాధనం చలిలోనూ అంతే అవసరమని చాలామందికి తట్టదు.

డొరేడ్ పెట్టెకు లోపాలున్నాయి. రంధ్రాల్లో చెత్త చేరితే నీళ్ళు నిలిచి, లోపలి గొట్టం అంచు దాటి పడక మీద పడతాయి. డెక్కునంతా ముంచేసే పెద్ద తుపానులో బాకా తీసేసి, ఆ కంతకు పళ్ళెం బిగించాలి. అయినా ఇన్నేళ్ళలో దాన్ని పక్కకు నెట్టే ఉపాయం రాలేదు. డొరేడ్ పడవ కూడా అంతే గట్టిది. 1936లో కాలిఫోర్నియా నుంచి హవాయికి జరిగే పందెం గెలిచిన ఆ పడవే 2013లో అదే పందెం మళ్ళీ గెలిచింది.

డొరేడ్ పెట్టె అసలు బలహీనత గాలి పూర్తిగా పడిపోయిన రోజు. సముద్రం అద్దంలా ఉన్నప్పుడు పెట్టెలోకి వచ్చేదేమీ ఉండదు. అప్పుడు పనికొచ్చేది 12 వోల్టుల చిన్న ఫ్యాను. అర ఆంపియరు కూడా తాగదు. క్యాబిన్‌లో ఏసీ పెట్టాలంటే కనీసం దానికి వంద రెట్లు కరెంటు కావాలి, దానికి జనరేటరు, దాని వేడి, దాని మోత. గాలి నిలిచిన రోజు చాలావరకు ఎండ మండే రోజే. 100 వాట్ల సౌర పలక ఆ ఎండకు ఐదారు ఆంపియర్లు ఇస్తుంది, ఫ్యానులు తిరగ్గా మిగిలింది బ్యాటరీలోకి పోతుంది. ఆ పలకను కూడా క్యాబిన్ పైకప్పుకు జానెడు ఎత్తున బిగిస్తే దాని కింద నీడ పడుతుంది, పందిరి గుడ్డలో అంత భాగం మిగులుతుంది.