ఉప్పుగాలికీ ఎర్రదుమ్ముకీ జంకని గన్నేరు

సముద్రం ఒడ్డున తోట పెంచేవాళ్లకు మొదటి శత్రువు గాలి. విశాఖలో బీచ్‌కు దగ్గరగా ఉన్న ఇళ్లలో చూడండి. కెరటం విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపరను గాలి మోసుకొచ్చి ఆకుల మీద చల్లుతుంది. మందారం చివుళ్లు అంచులు మాడి ముడుచుకుపోతాయి. గులాబీ అయితే పట్టుమని ఒక మొగ్గ విచ్చకుండానే నీరసించిపోతుంది. ఆ గోడవారనే గన్నేరు మాత్రం నిగనిగలాడుతూ, కొమ్మ కొమ్మకూ గులాబిరంగు గుత్తులేసుకుని నిలబడుతుంది.

అక్కడే కిరండూల్ రైలెక్కితే తూర్పు కనుమల సొరంగాలు దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ మీదుగా, ఒడిశా కొండల్లోంచి బస్తర్‌లోకి దిగుతాం. అక్కడి జగదల్‌పూర్ ఊరికి సముద్రం వాసన కూడా రాదు. వేసవిలో ఎండుగాలి, బాటల మీద ఎర్రమట్టి దుమ్ము. ఆషాఢం రాగానే ఎడతెగని వాన. అయినా అక్కడి ఇళ్ల ముంగిళ్లలో కనిపించేది ఈ గన్నేరే. వాళ్లు కనేర్ అంటారు. ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుడు, ప్రతాపరుద్రుడి తమ్ముడు, ఏలాడని చెప్పుకునే నేల ఇది. శంఖిని, డంకిని నదులు కలిసేచోట దంతేశ్వరి అమ్మవారు కొలువున్న నేల. ఎర్ర గన్నేరు అమ్మవారికి ప్రీతి అని నమ్మే మనకు, ఆ పువ్వు అక్కడ ఎదురైతే పరాయి ఊరికి వచ్చామనిపించదు.

ఉప్పుగాలినీ ఎండుగాలినీ ఒకే మొక్క ఎలా ఓర్చుకుంటుంది? జవాబు ఆకు వెనక ఉంది. గన్నేరు ఆకులు కణుపు దగ్గర మూడేసి చొప్పున పుడతాయి. కత్తిలా సన్నగా, దళసరిగా, తోలులా ఉంటాయి. పైవైపు మైనం పూత. ఒక ఆకు తిరగేసి భూతద్దంతో చూస్తే నడిమి ఈనెకు రెండువైపులా సన్నటి గుంటలు కనిపిస్తాయి. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు మిగతా మొక్కల్లోలా పైకి తెరుచుకుని ఉండవు, ఈ గుంటల అడుగున దాగి ఉంటాయి. గుంట నిండా నూగు. లోపలి తేమను బయటి గాలి ఊడ్చుకుపోకుండా ఆ నూగు అడ్డుపడుతుంది. ఉప్పు తుంపరా, దుమ్మూ తిన్నగా రంధ్రాల మీద పడవు. ఇంత చిన్న ఆకులో ఇంత ముందుచూపు చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ ఓర్పుకు ప్రపంచంలో సాక్ష్యాలున్నాయి. అమెరికాలో టెక్సస్ తీరాన గాల్వెస్టన్ అనే దీవి పట్టణానికి 1841లో జమైకా నుంచి గన్నేరు వచ్చింది. 1900లో పెనుతుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టింది. తర్వాత ఇసుక పోసి ఊరి నేలనే ఎత్తు చేశారు. ఆ ఉప్పటి ఇసుకలో మళ్లీ పచ్చదనం తెచ్చిన మొక్కల్లో గన్నేరుది పెద్దపీట. 1945లో అణుబాంబు పడిన హిరోషిమాలో కాలిన నేల మీద ముందుగా పూసిన పూలలో ఇదొకటని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. అదే వాళ్ల నగర పుష్పం.

ఇంత అందం వెనక విషముంది. ఆకు, పువ్వు, బెరడు, వేరు, అన్నీ విషమే. అందులోని ఓలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండినా విషం పోదు. పచ్చి ఆకును చేదని వదిలేసే పశువు, ఎండుగడ్డిలో కలిసిన గన్నేరాకును తెలియక తిని ప్రాణం పోగొట్టుకుంటుంది. కత్తిరించిన కొమ్మలు పొయ్యిలో పెట్టకూడదు, ఆ పొగా మంచిది కాదు. పసిపిల్లలున్న ఇంట్లో చేతికందేచోట పెంచకపోవడమే మేలు.

విషమని అందరూ తప్పుకునే ఈ ఆకే కొందరికి విందు. ఆకుపచ్చగా, వేలంత లావున ఒక గొంగళిపురుగు దీన్ని కరకర నమిలేస్తుంది. బెదిరిస్తే తల కిందికి వంచుతుంది. అప్పుడు మెడ దగ్గర నీలిరంగు కళ్లలాంటి రెండు మచ్చలు మెరుస్తాయి, పిట్ట జడుసుకోవాలని. అదే పెరిగి ఆకుపచ్చ, గులాబి రంగులు కలిసిన చలువరాతి చారల రెక్కలతో రాత్రుళ్లు ఎగిరే పెద్ద చిమ్మట అవుతుంది. గోధుమ నలుపు రెక్కల సీతాకోకచిలుక ఒకటి కూడా తన గుడ్లను ఈ ఆకుల మీద పెడుతుంది. దాని ప్యూపా ఆకు కింద వెండిపూసలా వేలాడుతుంది, ముఖం చూసుకోవచ్చు అన్నంత తళుకు. వెయ్యి పూల కన్నా ఆ ఒక్క పూసే నాకు ఇష్టం.

పువ్వుదీ ఒక మాయే. రంగుంది, వాసనుంది, తేనె మాత్రం లేదు. లోపల ఏదో ఉందని ఆశపడి వచ్చిన పురుగు పుప్పొడి మోసుకుని వట్టినోటితో పోతుంది. ముద్ద గన్నేరుకు గింజ కట్టడం అరుదు. అందుకే కొమ్మ నాటుకోవడమే దారి.

జానెడు పొడవున్న ముదురు కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాలి. సీసా నీళ్లలో పెట్టినా వేళ్లు వస్తాయి. ఎండ బాగా తగలాలి, మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు. తీరంలో ఉన్నవాళ్లు వారానికోసారి మంచినీళ్లతో ఆకులు కడిగితే చాలు. పూత అయ్యాక కత్తిరిస్తే కొత్త కొమ్మల చివర మళ్లీ మొగ్గ వేస్తుంది. కోసిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బస్తర్‌లో నాటేవాళ్లకు హరేలీ అమావాస్య మంచి తరుణం. మనకు అది ఆషాఢ అమావాస్య, చుక్కల అమావాస్య. జగదల్‌పూర్‌లో 75 రోజుల బస్తర్ దసరాకు పాట్ జాత్రా అనే తంతుతో ఆ రోజే శ్రీకారం చుడతారు. ఆనాడు గుచ్చిన గన్నేరు కొమ్మ, దంతేశ్వరి రథం కదిలేసరికి వేరుపట్టి మూడేసి ఆకుల చిగురు వేస్తుంది.