బలానికి ఒడుపు తోడైతే...

మీ అబ్బాయి జిమ్‌లో 60 కిలోల బరువు భుజాన వేసుకుని చకచకా స్క్వాట్స్ తీస్తాడు. కానీ బ్యాడ్మింటన్ కోర్టులో నెట్ దగ్గర పడబోయే షటిల్ కోసం ఒక కాలు ముందుకు చాచగానే మోకాలు లోపలికి వాలిపోతుంది. తూలిపడబోయి నిలదొక్కుకుంటాడు. బలం లేకనా? కాదు. ఉన్న బలాన్ని ఆ భంగిమలో వాడుకోవటం ఒంటికి అలవాటు కాకపోవటం వల్ల.

ఎందుకిలా?

స్క్వాట్, లెగ్‌ప్రెస్, బెంచ్‌ప్రెస్ వంటివి చాలావరకు ఒకే దిశలో, నిలకడగా చేసేవి. ఆటలో అలా కుదరదు. ఒంటికాలి మీద ఆగాలి, పక్కకు ఉరకాలి, నడుము తిప్పి కొట్టాలి. కండరాలు, నాడులు ఏది సాధన చేస్తే అదే నేర్చుకుంటాయి. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంటు చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. దూకి దిగేటప్పుడో, ఉన్నట్టుండి మలుపు తిరిగేటప్పుడో. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఈ ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ.

అలాగని బరువులు మానెయ్యొద్దు. ఎముకలకు, కండరాలకు అవే పునాది. వాటికి కదలికల సాధననూ జోడించాలి. నార్వేలో 13-17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. పరుగు, బలం, తూకం, దూకుడు కలిపిన 20 నిమిషాల 'ఫిఫా 11+' వార్మప్ చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

ముందు ఇది చూడండి

పిల్లల్ని చెప్పులు లేకుండా అద్దం ముందు ఒంటికాలిపై నిలబెట్టి, మోకాలిని నెమ్మదిగా కొద్దిగా వంచమనండి. ఐదుసార్లు. మోకాలు బొటనవేలు దాటి లోపలికి పోతోందా? తుంటి ఒక పక్కకు జారుతోందా? అయితే ముందు ఆ కదలికను సరిదిద్దాలి. బరువు పెంచటం ఆ తర్వాతే.

ఏమేం చేర్చాలి?

వారానికి 2-3 రోజులు, ఒళ్లు వేడెక్కాక, బరువులు ఎత్తటానికి ముందు 15 నిమిషాలు చాలు. అలసిపోయాక చేస్తే పట్టు తప్పుతుంది.

* పక్క లంజ్: ఒక కాలు పక్కకు చాచి ఆ మోకాలిని వంచాలి, రెండోది నిటారుగా ఉండాలి.
* ఒంటికాలి డెడ్‌లిఫ్ట్: ఒక కాలిపై నిలిచి, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర ముందుకు వంగాలి. రెండో కాలు వెనక్కి వెళ్లాలి.
* దూకి ఆగటం: తక్కువ ఎత్తు మెట్టు మీంచి రెండు కాళ్లతో చప్పుడు కాకుండా దిగి, 3 సెకన్లు కదలకుండా ఉండాలి.
* బంతి విసరటం: తేలికపాటి మెడిసిన్ బాల్‌ను నడుము తిప్పుతూ గోడకు కొట్టాలి.

ఒక్కోటి 6-8 సార్లు, రెండు విడతలు. లంజ్, డెడ్‌లిఫ్ట్, బంతి విసరటం రెండు వైపులా చేయాలి. మొదట లంజ్, డెడ్‌లిఫ్ట్ బరువు లేకుండానే. తీరు కుదిరాకే బరువైనా, వేగమైనా.

ఎప్పుడు ఆపాలి?

మోకాలు వాచినా, పట్టేసినట్టున్నా, నడుస్తుంటే జారిపోతున్నట్టనిపించినా సాధన ఆపి ఎముకల వైద్యుణ్ని గానీ, స్పోర్ట్స్ ఫిజియోను గానీ కలవండి. 'ఆడితే అదే పోతుంది' అనుకోవద్దు.

ఈసారి కోచ్‌ని కలిసినప్పుడు 'ఎన్ని కిలోలు ఎత్తుతున్నాడు?' అనే కాదు, 'దూకి ఎలా దిగుతున్నాడు?' అనీ అడగండి.