గాలిలోంచి ఎరువు తీసిన యంత్రం

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. ఆకు పచ్చగా ఎదగాలన్నా, గింజ నిండాలన్నా పైరుకు కావలసింది అదే. అయినా గాలిలోని నత్రజని పైరుకు అందని మానిపండు. దాని పరమాణువులు రెండేసి చొప్పున, మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. ప్రకృతిలో ఆ ముడి విప్పగలిగేవి మెరుపులు, పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా వంటి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే. 19వ శతాబ్దం చివరికి యూరప్ పొలాలు చిలీ ఎడారిలో తవ్వి తెచ్చిన నైట్రేటు మీద ఆధారపడ్డాయి. ఆ నిల్వలు తరిగిపోతే గోధుమకు కరువు తప్పదనీ, గాలిలోని నత్రజనిని పట్టే ఉపాయం రసాయన శాస్త్రజ్ఞులే కనిపెట్టాలనీ 1898లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో రసాయన శాస్త్రజ్ఞుడు విలియం క్రూక్స్ హెచ్చరించాడు.

ఆ ఉపాయం జర్మనీలోని కార్ల్‌స్రూహెలో దొరికింది. నత్రజనినీ హైడ్రోజన్‌నూ కలిపితే అమ్మోనియా వస్తుందని అప్పటికే తెలుసు. చిక్కల్లా వేడి దగ్గరే. వేడి చాలకపోతే చర్య కదలదు, పెంచితే పుట్టిన అమ్మోనియా విడిపోతుంది. దీనికి విరుగుడుగా అక్కడి రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ ఒత్తిడిని నమ్ముకున్నాడు. వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల ఒత్తిడిని తట్టుకునే పరికరాన్ని ఆయన సహచరుడు రాబర్ట్ లె రోసిన్యోల్ తయారుచేశాడు. ఆస్మియం ఉత్ప్రేరకం మీదుగా వచ్చిన వాయువును చల్లబరిచి, ద్రవమైన అమ్మోనియాను తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ లోపలికి పంపడం అందులోని కీలకం. 1909 జూలైలో బీఏఎస్ఎఫ్ కంపెనీవాళ్ళు చూడటానికి వచ్చారు. పరికరం మొదట మొరాయించింది. వాళ్ళలో కార్ల్ బాష్ వెళ్ళిపోయాడు. ఓపికపట్టి ఆగిన ఆల్విన్ మిటాష్ కళ్ళముందే అమ్మోనియా చుక్కలు దిగాయి.

బల్లమీది పరికరాన్ని కర్మాగారంగా మార్చే భారం ఆ బాష్ మీదే పడింది. ఆస్మియం బహు అరుదైన లోహం. మిటాష్ బృందం వేల పదార్థాలను పరీక్షించి, అల్యూమినా, పొటాషియం సమ్మేళనాలు కలిపిన ఇనుముతో ఆ పని చేయించింది. అంతకన్నా పెద్ద గండం ఉక్కు గొట్టం రూపంలో వచ్చింది. మొదటి గొట్టాలు సుమారు 80 గంటలకే పగిలిపోయాయి. పగిలిన లోహాన్ని పరీక్షిస్తే కారణం బయటపడింది. వేడెక్కిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, దానికి బలాన్నిచ్చే కార్బన్‌ను హరిస్తోంది. బాష్ గొట్టాన్ని రెండు పొరలుగా కట్టించాడు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుము, బయట ఒత్తిడిని మోసే ఉక్కు తొడుగు. లోపలి పొర దాటి వచ్చిన హైడ్రోజన్ బయటికి పోవడానికి తొడుగుకు సన్నని రంధ్రాలు పెట్టించాడు. యంత్రాన్ని నిలబెట్టినవి ఆ రంధ్రాలే. 1913లో ఓపావ్‌లో తొలి కర్మాగారం మొదలైంది.

మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎరువు కోసం పుట్టిన యంత్రం జర్మనీ సైన్యానికి పేలుడు మందు అందించింది. 1921లో అదే ఓపావ్‌లో నిల్వచేసిన ఎరువు పేలి 500 మందికి పైగా చనిపోయారు. అయినా అమ్మోనియా అవసరం పెరుగుతూనే వచ్చింది. నేడు ప్రపంచంలో ఏటా సుమారు 18 కోట్ల టన్నుల అమ్మోనియా తయారవుతోంది. అందులో అధికభాగం ఎరువులకే పోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి దీని చలవేనని అంచనా. మన రామగుండంలో యూరియాగా మారేది కూడా ఈ పద్ధతిలో చేసిన అమ్మోనియానే.

ఇంత కష్టపడి పట్టిన నత్రజని పొలంలో ఎలా చేజారుతుందో వరిమడిలో చూడవచ్చు. నిలవ నీటిలో చల్లిన యూరియాను యూరియేజ్ అనే ఎంజైము అమ్మోనియంగా మారుస్తుంది. పగటిపూట నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది. మధ్యాహ్నానికి నీటికి క్షారగుణం పెరిగి, అమ్మోనియం కాస్తా అమ్మోనియా వాయువుగా మారి ఎగిరిపోతుంది. ఎండకు గాలి తోడైతే నష్టం మరీ ఎక్కువ. పశువుల మూత్రం, పేడ నుంచి కూడా అమ్మోనియా ఇలాగే గాలిలో కలుస్తుంది. ఉపగ్రహాల కొలతల్లో ప్రపంచంలోకెల్లా అమ్మోనియా దట్టంగా కనిపించే చోట్లలో మన గంగా మైదానం ఒకటి.

ఆ వాయువు గాలిలో ఊరికే ఉండదు. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా, బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారతాయి. అమ్మోనియా వాటితో కలిసి అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు కణాలవుతుంది. నగరాల్లో మనల్ని భయపెట్టే పీఎం 2.5 అనే అతిసన్నని ధూళిలో ఇవీ ఉంటాయి. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి, గుండెకూ చేటు చేస్తాయి. వందల కిలోమీటర్లు ప్రయాణించగలవు కాబట్టి, పల్లెలో ఎగిరిన అమ్మోనియా పట్నంలో దగ్గుగా తేలుతుంది.

చివరికి ఆ నత్రజని వానతోనో, పొడిగానో నేలకు దిగుతుంది. అడగని చోట పడిన ఎరువు కూడా కీడే. పశుసంపద కిక్కిరిసిన నెదర్లాండ్స్‌లో బీదనేలకు అలవాటుపడిన హెదర్ పొదలను గడ్డి కమ్మేసింది. అడవి నేలలు ఆమ్లమై సున్నం కొట్టుకుపోయింది. నత్తలు తగ్గిపోయి, వాటి గుల్లల నుంచి సున్నం పొందే చిన్న పిట్టల గుడ్ల పెంకులు పలచబడ్డాయి. 2019 మేలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నత్రజని వదిలే పనులకు అనుమతులిచ్చే విధానాన్ని కొట్టేసింది. వేల ప్రాజెక్టులు ఆగాయి. ఆ అక్టోబరులో రైతులు నిరసనగా ట్రాక్టర్లతో హేగ్ నగరానికి తరలివచ్చారు.

యంత్రాన్ని ఆపమని ఎవరూ అనలేరు, ఆపితే పస్తులే. అది పట్టి ఇచ్చిన నత్రజనిని నేలలో నిలుపుకోవడం మాత్రం మన చేతిలో పని. యూరియాకు వేపపూత ఉంది కదా అని ధీమా వద్దు. అది ముఖ్యంగా అమ్మోనియం నేలలో నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది, గాలిలోకి ఎగరడాన్ని ఆపదు. మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న మాటే మేలు: యూరియాను సిఫారసు మేరకు దఫాలుగా, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. మెట్టపైర్లకైతే మొక్క పక్కన వేసి మట్టి కప్పండి. రైతు డబ్బు, పట్నంవాసి ఊపిరి రెండూ దక్కుతాయి.