ఇంట్లో పిల్లి ఉండగా ఇంకో పిల్లిని తెచ్చారా? తొందర పడకండి

బీబీపేట నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఎవరికోసమంటే, ఇంట్లో ఆల్రెడీ ఒక పిల్లి ఉండి, ఇంకోదాన్ని తెచ్చుకున్నవాళ్లకు, తెచ్చుకుందామనుకుంటున్నవాళ్లకు.

మన దగ్గర మామూలుగా ఏం జరుగుతది? కొత్త పిల్లిని అట్టపెట్టెలో తెస్తరు. నడింట్లో వదుల్తరు. ఫోన్ పట్టుకుని రీల్ తీస్తరు. పాతది ఒళ్లంతా ఉబ్బించి బుస్సుమంటది, కొత్తది బీరువా కిందికి దూరుతది. రెండు రోజులు ఇదే లొల్లి. మూడో రోజు పాతది మంచం మీద ఉచ్చ పోస్తది. వారం తిరిగేసరికి ఇంట్లో పెద్దవాళ్లు "ఇగ చాలు, ఊరవతల వదిలేసి రా" అంటరు. ఇంట్లో పెరిగిన పిల్లకు అక్కడ తిండి దొరకదు, కుక్కల నుంచి తప్పించుకునుడు రాదు. మన తొందరకు అది ప్రాణం పెట్టాల్సి వస్తది. అందుకే ఈ విషయం మీద ఒక ఎపిసోడ్ మొత్తం పెడుతున్నా.

మా ఇంట్లో రాణి ఉంది. ఐదేళ్ల ఆడపిల్లి, ఆపరేషన్ అయింది. ఈ మధ్యనే గుండు వచ్చిండు, నాలుగు నెలల మగపిల్ల. మాది పాత పెంకుటిల్లు, మూడు గదులు. వాళ్లిద్దరిని ఎట్ల కలిపినమో దాన్నే ఉదాహరణగా పెట్టుకుని చెప్తా.

అసలు ఎందుకు పడదు?

పెంపుడు పిల్లి మూలం ఆఫ్రికా అడవి పిల్లి. అది ఒంటరిగా వేటాడే జంతువు. కుక్క లెక్క గుంపుగా వేటాడదు. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి గింజలు నిల్వ చేసిండు, గింజలకు ఎలుకలొచ్చినయి, ఎలుకలకోసం పిల్లులొచ్చినయి. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన ఒక సమాధి దొరికింది. అది సుమారు 9,500 ఏళ్ల కిందటిది. 2004లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. వడ్ల బస్తాల మీద పిల్లి పడుకునుడు మన ఇళ్లల్లో ఇప్పటికీ చూస్తనే ఉన్నం గదా, ఆ కథ అప్పటి నుంచి నడుస్తున్నదే.

అట్లని పిల్లులు అసలు కలిసి ఉండవా అంటే, ఉంటయి. తల్లి, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి గుంపుగా ఉంటయి, ఒకదాని పిల్లలను ఇంకోటి సాకుతది. కానీ ఆ గుంపులోకి బయటి పిల్లి వస్తే వెంటనే రానియ్యవు. మీ ఇంటి పిల్లికి మీరు తెచ్చిన పిల్ల అట్లాంటి బయటిదే.

ఇంకో ముఖ్యమైన మాట. పిల్లికి ఇల్లు అంటే వాసన. దాని బుగ్గల మీద, గదవ కింద, పాదాల్లో, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటయి. అది మీ కాళ్లకు, దర్వాజకు, మంచం కోడుకు తల రుద్దుతది చూడండి, అది ముద్దు ఒక్కటే అనుకోకండి. "ఇది నాది" అని సంతకం పెడుతున్నది. అట్ల ఇల్లంతా సంతకాలు పెట్టుకున్న చోటికి ఒక్కసారిగా ఇంకో వాసన వస్తే భయపడుతది. భయపడ్డ పిల్లి కొట్లాడుతది, లేకపోతే దాక్కుంటది.

మా నాయనమ్మ మొదటి రోజే అన్నది: "రెండు దినాలు కొట్టుకుంటయి బిడ్డా, అవే కలుస్తయి." ఊర్లో అందరూ ఇదే అంటరు. కొన్ని కలుస్తయి కూడా. కానీ మొదటిసారి గట్టిగా కొట్లాడిన పిల్లులు ఆ భయాన్ని మర్చిపోవు, తర్వాత కలపాలంటే నెలలు పడుతది. కాబట్టి వరుస గుర్తుపెట్టుకోండి: ముందు వాసన, తర్వాత చప్పుడు, తర్వాత చూపు, చివరికి ఒకే గది.

మొదటి రెండు వారాలు: వేరే గది

కొత్తదాన్ని తలుపు పడే ఒక చిన్న గదిలో పెట్టండి. తిండి గిన్నె, నీళ్ల గిన్నె, ఇసుక ట్రే, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. తిండి ఒక మూల, ఇసుక ఇంకో మూల. షాపులో అమ్మే లిట్టర్ లేకపోతే పొడి ఇసుక చాలు, రోజూ తీసెయ్యాలి. పాత పిల్లికి మాత్రం దాని జాగాలు, దాని టైం ఏవీ మార్చకండి.

మా ఇంట్లో ఒక సమస్య ఉండే. నాయనమ్మ బీడీలు చేస్తది, ఆకు, తంబాకు చాట ఆ గదిలోనే ఉండేది. కామారెడ్డి జిల్లాలో శానా ఇళ్లల్లో ఇదే పరిస్థితి. తంబాకులో నికోటిన్ ఉంటది, అది పిల్లికి విషం. పిల్ల ఉన్న గదిలో నుంచి అది ముందు తీసెయ్యాలె.

రెండు వారాలు ఎందుకంటే, రోగాలు. పిల్లులకు పాన్‌ల్యూకోపీనియా అని ఒక వైరస్ రోగం వస్తది, కుక్కల పార్వోకు చుట్టం. జ్వరం, వాంతులు, విరేచనాలు, తిండి ముట్టదు, చిన్న పిల్లలు రెండు మూడు రోజుల్లోనే చనిపోతయి. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతుకుతది. వ్యాక్సిన్ లేని పాత పిల్లి ఉన్న ఇంట్లోకి జబ్బున్న పిల్ల వస్తే రెండూ పోవచ్చు.

వ్యాక్సిన్ మాట: ట్రైక్యాట్ అనే మూడు రోగాల టీకా ఉంటది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా ఇస్తరు. రేబీస్ టీకా పన్నెండు వారాలు నిండినంక. మన మండలాల్లో పశువుల దవాఖానకు వచ్చేవి ఎక్కువగా బర్రెలు, మేకలు. కాబట్టి ముందు ఫోన్ చేసి పిల్లుల టీకా ఉందా అని అడగండి, లేకపోతే కామారెడ్డి పోవాల్సి రావచ్చు. తీసుకుపోవడానికి బుట్ట లేదా? టమాటాలు వచ్చే ప్లాస్టిక్ ట్రేలు రెండు మూతికి మూతి పెట్టి తాడుతో గట్టిగా కట్టండి, లోపల తువ్వాల వెయ్యండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఒకటి, కుక్కలకు వాడే గోమార్ల మందు పిల్లికి రాయకండి. వాటిలో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి మూర్ఛలొచ్చి చనిపోతది. రెండు, జ్వరమనిపించిందని పారాసిటమాల్ వెయ్యకండి. ఒక్క గోలీ చాలు ప్రాణం పోవడానికి. మూడు, ఆ గదిని ఫినాయిల్‌తో తుడవకండి. ఫినాయిల్‌ను పిల్లి కాలేయం తట్టుకోలేదు, పైగా అది పాదాలు నాకుతది. ఒక పాలు బ్లీచ్‌కు ముప్పై రెండు పాలు నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో తుడిచి, ఆరినంకనే పిల్లిని వదలండి. బ్లీచ్‌లో ఇంకేదీ కలపకండి.

వాసన మార్పిడి

పిల్ల హుషారుగా తింటున్నది, వాంతులు గిట్ల లేవు అని తేలినంక ఇది మొదలుపెట్టండి. రెండు పాత సాక్సులు తీసుకోండి. ఒకదానితో కొత్తదాని బుగ్గలు మెల్లగా రుద్దండి, ఇంకోదానితో పాతదాని బుగ్గలు. ఇప్పుడు వీడి సాక్సు దాని దగ్గర, దాని సాక్సు వీడి దగ్గర పెట్టండి. పక్కనే ఇష్టమైన తిండి ఒక ముక్క.

రాణి మొదటి రోజు సాక్సును చూసి బుస్సుమని పోయింది. మేం సాక్సును ఇంకొంచెం దూరం జరిపినం. నాలుగో రోజు దగ్గరికొచ్చి, వాసన చూసి, నోరు సగం తెరిచి వింతగా మొహం పెట్టింది. చాలా మంది అది అసహ్యం అనుకుంటరు. పిల్లి నోటి పైభాగంలో వాసన చదివే ఇంకో అవయవం ఉంటది, అది వాడుతున్నదన్నమాట. ఆరో రోజు ఆ సాక్సు పక్కనే పడుకుంది. అప్పుడు ముందుకు పోవచ్చు.

తలుపుకు ఇటు అటు తిండి

తలుపు మూసే ఉంటది. ఇటు పక్క పాతదాని గిన్నె, అటు పక్క కొత్తదాని గిన్నె. మొదట రెండూ తలుపుకు ఆరడుగుల దూరంలో. రెండూ ప్రశాంతంగా తింటే, తర్వాతి పూట ఒక జాన దగ్గరికి. ఏదైనా తినకుండా తలుపు వైపే చూస్తుంటే, ఒక జాన వెనక్కి. ఇంతే లెక్క. అవతలి వాసన, అవతలి చప్పుడు వచ్చినప్పుడల్లా మంచి తిండి వస్తదని పిల్లి బుర్రకు ఎక్కాలె.

తిండి అంటే పాలన్నం అనుకోకండి. పెద్ద పిల్లుల్లో శానా వాటికి పాలు అరగవు. పిల్లి మాంసాహారి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ లేకుండా ఉడికించిన కోడి, చేప, గుడ్డు పెట్టండి.

సందులోంచి చూపు

ఇప్పుడు తలుపును రెండు వేళ్ల సందు తెరిచి, అంతకంటే తెరుచుకోకుండా తాడుతో కట్టండి. జాలి తలుపు ఉంటే ఇంకా మంచిది, దానికి పాత చీర కట్టి రోజుకు కొంచెం పైకి ఎత్తండి. తిండి టైంలోనే, అయిదు నిమిషాలే.

మా దగ్గర పంతొమ్మిదో రోజు ఒక పెళ్లి బరాత్ మా గల్లీలోంచి పోయింది. డీజేకు కిటికీలు అదురుతున్నయి. రాణి అప్పుడు సందు దగ్గర ఉంది. డీజే భయం మొత్తం గుండు మీద చూపించింది, సందులోంచి పంజా కొట్టింది. దీన్ని మళ్లించిన కోపం అంటరు. పిల్లిని భయపెట్టింది ఒకటి, దెబ్బ తినేది ఎదురుగా ఉన్నది. అటువంటప్పుడు మధ్యలో మీ చెయ్యి పెట్టకండి, మిమ్మల్నే కరుస్తది. తలుపు మూసి, లైటు తీసి, వదిలెయ్యండి. మేం మళ్లీ మూసిన తలుపు దగ్గర తిండికి పోయినం, ఇంకో వారం పట్టింది.

ఆ వారంలోనే ఇంట్లో "వదిలేసి రా" అన్న మాట వచ్చింది. ఇంకో పది రోజులు టైం అడిగినం. మీ ఇంట్లో కూడా ఈ మాట వస్తది, ముందే చెప్తున్నా. ఒక మెట్టు వెనక్కి పోవుడు ఈ పనిలో మామూలే.

ఒకే గదిలో

ముందు రెండింటినీ ఆడించి, సగం అలసిపోయినంక తలుపు తియ్యండి. ఒకదాన్ని ఎత్తుకుని ఇంకోదాని ముందు పెట్టకండి. వాటంతట అవే రావాలె, పారిపోయే దారి ఉండాలె. మొదటి రోజు అయిదు నిమిషాలు, తర్వాత పది. కొట్లాట మొదలైతే అడ్డంగా పెట్టడానికి పెద్ద అట్ట ముక్క చేతిలో ఉంచుకోండి.

బుస్సుమనుడు తప్పు కాదు, "దూరంగా ఉండు" అని చెప్పుడు అది. చిన్నది వెనక్కి తగ్గితే మాట అర్థమైనట్టు, తిట్టకండి. కదలకుండా గుడ్లప్పగించి చూసుడు, చెవులు వెనక్కి అంటుకుపోవుడు, తోక కొరడా లెక్క కొట్టుడు, ఈ మూడు కనిపిస్తే ఆపెయ్యండి. ఆటకు, కొట్లాటకు తేడా కూడా సులువే. ఆటలో చప్పుడు తక్కువ, ఒకసారి ఇది కింద, ఒకసారి అది కింద. కొట్లాటలో అరుపులు, వెంట్రుకలు లేస్తయి, ఒకటే ఎప్పుడూ పారిపోతుంటది.

మీకు గీరినా, కరిచినా ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి రేబీస్ సూది గురించి అడగండి. "పిల్లే గదా" అనుకోకండి.

ఇసుక ట్రేలు ఎన్ని? పిల్లులెన్నో అంతకంటే ఒకటి ఎక్కువ, వేర్వేరు చోట్ల. మగపిల్లకు ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తే గోడల మీద ఉచ్చ కొట్టుడు, కొట్లాటలు శానా తగ్గుతయి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతది. రెండు పిల్లులు ఏడు కావడానికి ఎక్కువ టైం పట్టదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఏ పిల్లయినా ఒక రోజు మొత్తం తిండి ముట్టకపోతే అలక అనుకోకండి. తినకుండా ఉంటే దాని కాలేయం దెబ్బతింటది. మగపిల్లి మాటిమాటికి ఇసుకలో కూర్చుని ఉచ్చ రాక అరుస్తుంటే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎప్పటికి కలుస్తయి?

కొన్ని మూడు వారాలు, కొన్ని మూడు నెలలు. మాకు నలభై రోజులు పట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఒకదాన్నొకటి నాకుకుంటున్నరా అంటే, లేదు. గుండు వడ్ల బస్తాల మీద పడుకుంటడు, రాణి అటకెక్కుతది. ఎదురుపడితే ముక్కు ముక్కు తగిలించి ఎవరి దారిన వాళ్లు పోతరు. మాకు అది చాలు. దోస్తానా కాకపోయినా, భయం లేకుండా ఒకే ఇంట్లో తిని పడుకుంటే మీరు గెలిచినట్టే.

అన్నీ చేసినా కుదరని జంటలు కూడా ఉంటయి. అప్పుడు ఒకదానికి ముందు గది, ఒకదానికి వెనక గది, పూటలు మార్చి వదలండి. అది కూడా కాకపోతే తెలిసినవాళ్లల్లో మంచి ఇల్లు చూసి ఇయ్యండి. అంతే గానీ సంచిలో వేసుకుని ఊరవతలికి పోకండి. ఆకలికి, దాహానికి గురయ్యేలా జంతువును కారణం లేకుండా వదిలేసుడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడే ఒక పని చెయ్యండి. కొత్త పిల్లి రాకముందే మీ ఇంట్లో తలుపు పడే గది ఏదో చూసుకోండి, పాత పిల్లి టీకాల కార్డు తీసి తేదీలు చూడండి. ఆ రెండూ ఉన్నంకనే పిల్లను తెచ్చుకోండి.