మీకు తెలుసా? మన్ను లేకయే పూచు కుంకుమపువ్వు

పేరుపాలెపు సముద్రతీరమునుండి వీచు ఉప్పుగాలికి, కొబ్బరితోటల నీడకు అలవడిన మన మొగల్తూరు నేల, కాశ్మీరమున పాంపూరు మెరకపొలములలో శీతలవాయువుల నడుమ పెరుగు కుంకుమపువ్వునకు అనుకూలమైనది కాదు. అయినను ఔత్సాహికులు నిరాశ చెందవలసిన పనిలేదు. ఏలయన, దీని దుంప తనలో దాచుకొన్న ఆహారముతోనే, మన్ను లేకున్నను, చల్లని గదిలో పళ్లెమునందుంచినను పుష్పించును. 23 మొదలు 27 డిగ్రీల వేడిమిలో దుంపలోపల మొగ్గ రూపొందును. పిమ్మట 17 డిగ్రీల చల్లదనము లభించినగాని అది వెలికి రాదు. గోదావరి సీమలో ఆ చల్లదనమును యంత్రసహాయమున కల్పింపవలసినదే.

ఊదారంగు రేకుల నడుమ పసుపుపచ్చని కేసరములు మూడు, ఎఱ్ఱని కీలాగ్రములు మూడు ఉండును. విలువయంతయు ఆ ఎఱ్ఱని పోగులదే. ప్రాతఃకాలమున పూవులు కోసి, వ్రేళ్లకొనలతో పోగులను సుకుమారముగా వేరుచేసి ఆరబెట్టవలెను. ఒక కిలో పోగులకు సుమారు లక్షన్నర పూవులు కావలయునన్నచో, ఆ శ్రమ యెంతటిదో ఊహింపవచ్చును!

విత్తనము పట్టని ఈ మొక్కకు దుంపయే సంతతి. కావున పూత ముగియగానే దుంపలను నీరు నిలువని గుల్లమట్టిలో, వెలుతురును చల్లదనమును గలచోట నాటి పిల్లదుంపలను పెంచుకొనవలెను. లాభాపేక్షతో గాక, ముచ్చటకై కొలది దుంపలతో ప్రారంభింపుడని పాఠకులకు మా మనవి.