ఒకే మొవ్వు ఉన్న చెట్టు

కోనసీమలో కొబ్బరి చెట్టును ఇంటికి పెద్దకొడుకు అంటారు. కాయలూ, నీళ్ళూ, పందిరికి ఆకులూ, పీచుతో తాళ్ళూ, ఈనెలతో చీపుళ్ళూ - అన్నీ ఇచ్చేది అదే. కాని ఈ పెద్దకొడుక్కి ఒక లోపం ఉన్నది.

వేపచెట్టు తల నరికితే పక్కల నుంచి పది చిగుళ్ళు పుట్టుకొస్తాయి. కొబ్బరికీ, తాడికీ, పోకకూ, పార్కుల్లో అందానికి పెంచే రాయల్ పామ్‌కూ అలా రావు. నడినెత్తిన, మట్టల మధ్య, ఒకే ఒక చిగురు ఉంటుంది. దాన్నే మొవ్వు అంటారు. కొత్త ఆకు పుట్టాలన్నా, గెల వెయ్యాలన్నా అదే ఆధారం. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే.

ఆ మొవ్వును తినేసే శత్రువు ఒకటి ఉన్నది. నూరేళ్ళకు పూర్వం గోదావరి, కృష్ణా జిల్లాలలో తాడిచెట్లు తలలు వాల్చి చచ్చిపోసాగాయి. ప్రభుత్వం తెగులు తగిలిన చెట్ల తలలు కొట్టించి, కాల్పించింది. కుళ్ళిన మొవ్వులలో ఉన్న సూక్ష్మజీవిని పరీక్షించి, 1907లో బట్లర్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టాడు. 1919లో ఆ పేరు ఫైటోఫ్తొరా పామివొరా అని మారింది. ఫైటోఫ్తొరా అంటే గ్రీకు భాషలో "మొక్కలను నాశనం చేసేది" అని అర్థం.

ఇది బూజులాగే కనిపిస్తుంది, కాని నిజమైన బూజు కాదు. సముద్రపు నాచుకు దూరపు చుట్టం. దీని బీజాలకు రెండేసి తోకలుంటాయి. వాటితో నీళ్ళలో ఈదుతాయి. వానాకాలంలో మట్టల మొదళ్ళలో నీరు నిలుస్తుంది గనక, మొవ్వుకుళ్ళు తెగులు అప్పుడే ఎక్కువ.

దీన్ని గుర్తించటం ఎలా? మొవ్వు మధ్య ఈటెలాగా నిలబడే లేత ఆకు ముందుగా పసుపుపచ్చగా మారి, వాలిపోతుంది. పట్టి లాగితే ఊడి వస్తుంది. దాని మొదలు కుళ్ళి దుర్వాసన కొడుతుంది. చిత్రమేమిటంటే, చుట్టూ ఉన్న ముదురు మట్టలు చాలా రోజులు పచ్చగానే ఉంటాయి. అందుకే కింది నుంచి చూసేవాళ్ళు చెట్టు బాగానే ఉన్నదనుకుని మోసపోతారు.

త్వరగా కనిపెడితే చెట్టు బతుకుతుంది. దింపు కార్మికుడు ఎక్కి, కుళ్ళినదంతా మంచి భాగం కనిపించేదాకా చెక్కేస్తాడు. ఆ చోట బోర్డో ముద్ద పూసి, కొత్త ఆకు వచ్చేదాకా వాన పడకుండా మూత వేస్తాడు. చెక్కిన ముక్కలను కాల్చెయ్యాలి. చుట్టుపక్కల ఉన్న మంచి చెట్ల మొవ్వులు తడిసేట్టు బోర్డో మిశ్రమం చల్లాలి. మొవ్వు పూర్తిగా చచ్చిన చెట్టును మాత్రం కొట్టి తగలబెట్టటమే మేలు.

ఈ బోర్డో మిశ్రమం కథ తమాషాగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర, బాటసారులు ద్రాక్షపళ్ళు కోసుకుపోకుండా, రైతులు దారి పక్క తీగెలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. 1882లో మిలార్డే అనే ఆచార్యుడు ఆ తీగెలకే తెగులు తగలకపోవటం గమనించాడు. దొంగల కోసం పూసిన మందు తెగులును ఆపింది!

ఒక కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీళ్ళలో కరిగించి, ఒక కిలో సున్నాన్ని మరో 50 లీటర్లలో కలిపి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కలపాలి. ఇనప పాత్ర పనికిరాదు. మెరిసే కత్తిని అందులో ముంచి తీస్తే ఎర్రని రాగిపూత కనపడితే, సున్నం ఇంకా కావాలన్నమాట. ముద్దకైతే అంతే సరుకును 10 లీటర్ల నీళ్ళతోనే కలుపుతారు. మైలుతుత్తం విషం గనక ఈ పని పెద్దవాళ్ళదే, పిల్లలు ముట్టకూడదు.

మరి పిల్లల పని ఏమిటి? వానాకాలంలో వారానికొకసారి మీ పెరట్లో చెట్టు కింద నిలబడి తలెత్తి చూడండి. నడుమ ఈటె నిటారుగా, లేతగా ఉంటే మంచిదే. పసుపెక్కి వాలితే మాత్రం, "నాన్నా, మన చెట్టు మొవ్వు వాలింది!" అని ఆ రోజే చెప్పండి. వారం ఆలస్యమైతే పెద్దకొడుకు దక్కకపోవచ్చు.